గాలిమర గేర్‌బాక్సుల వైఫల్య చరిత్ర పరిశోధకులకు అందాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

నేను మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్‌లో నివసిస్తూ మెకానికల్ ఇంజినీరింగ్ బోధిస్తున్నాను. గాలిమరల గేర్‌బాక్సులు చెడిపోబోతున్న సంగతిని ముందుగా పసిగట్టే పద్ధతులపై పార్ట్‌టైమ్‌గా పీహెచ్‌డీ కూడా చేస్తున్నాను. పవన విద్యుత్తు గురించి మన పత్రికల్లో వచ్చే వార్తలన్నీ కొత్తగా ఎన్ని మెగావాట్లు చేరాయన్న లెక్క చుట్టూనే తిరుగుతుంటాయి. ఆ లెక్క చిన్నదేమీ కాదు. 2025 మార్చి నాటికి దేశంలో పవన విద్యుత్తు స్థాపిత సామర్థ్యం 50 వేల మెగావాట్లు దాటింది. అందులో మహారాష్ట్ర వాటా 5 వేల మెగావాట్లకు పైగానే ఉండగా, అనంతపురం, కర్నూలు కొండల పుణ్యమా అని ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 4 వేల మెగావాట్లు. అయితే నిలబెట్టిన మరల్లో ఎన్ని తిరుగుతున్నాయి, ఆగినవి ఏ భాగం చెడి ఆగాయి, ఆ చెడు ఎన్నాళ్ళ ముందు నుంచి కనిపిస్తూ వచ్చింది అన్న ప్రశ్నలకు జవాబు వెతకాలంటే బయటివారికి ఎక్కడా ఆధారం దొరకదు. ఈ విషయాన్ని మీ పాఠకుల ముందు, వారి ద్వారా ప్రభుత్వం ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

గాలిమర రెక్కలు నిమిషానికి పదిహేను సార్ల చొప్పున నింపాదిగా తిరుగుతాయి. ఎక్కువ మరల్లో వాడే జనరేటరుకు మాత్రం నిమిషానికి 1500 చుట్లకు అటూ ఇటూ వేగం కావాలి. అంటే వేగాన్ని దాదాపు నూరు రెట్లు పెంచే పని గేర్‌బాక్సుది. సాధారణంగా అందులో మూడు దశలుంటాయి. రెక్కల వైపు మొదటి దశలో మధ్యనున్న సూర్య గేరు చుట్టూ గ్రహ గేర్లు తిరుగుతాయి. చివరి దశ సన్నటి షాఫ్టుతో జనరేటరును తాకుతుంది. ఫ్యాక్టరీ గేర్‌బాక్సు గట్టి కాంక్రీటు పునాది మీద, ఇంచుమించు ఒకే బరువు లాగుతూ పనిచేస్తుంది. గాలిమర గేర్‌బాక్సు ఎనభై, నూరు మీటర్ల ఎత్తున ఊగే టవరు మీద ఉండి, గాలి విసురుకొక తీరుగా మారే బరువును మోస్తుంది. గ్రిడ్డులో వోల్టేజి ఒక్కసారిగా పడిపోయినా, అత్యవసర బ్రేకు పడినా ఆ కుదుపంతా దాని పళ్ళ మీదికీ బేరింగుల మీదికీ వస్తుంది. ఇరవై ఏళ్ళు నడవాలని లెక్కగట్టి తయారుచేసిన గేర్‌బాక్సులు అందులో సగం కాలమైనా నిండకుండానే కిందికి దిగడం ప్రపంచమంతటా చూస్తున్నదే.

గేర్‌బాక్సు పోయిందంటే పళ్ళు అరిగిపోయి ఉంటాయని బయటివారు అనుకుంటారు. అమెరికాలోని జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల, అంటే ఎన్‌ఆర్‌ఈఎల్, వందల కొద్దీ వైఫల్యాలను ఒకచోట చేర్చి చూసినప్పుడు వాటిలో దాదాపు నాలుగింట మూడు వంతులు బేరింగుల దగ్గర మొదలైనవని తేలింది. బేరింగు రింగు లోపల, పైకి కనపడని లోతులో, సన్నటి పగుళ్ళు పుట్టి, వాటి అంచున ఉక్కు స్వభావమే మారిపోయి, సూక్ష్మదర్శినిలో తెల్లగా కనిపించే ఒక లోపం ఉంది. అది వచ్చిన బేరింగు లెక్కగట్టిన ఆయుష్షులో అయిదో వంతైనా పూర్తిచేయకుండానే చీలిపోవచ్చు. ఆ పగుళ్ళకు అసలు కారణం నూనెలోని రసాయనాలా, బేరింగు గుండా పారే విద్యుత్తా, రోలర్లు దొర్లక జారడమా అన్న వాదం శాస్త్రవేత్తల్లో ఇంకా తెగలేదు. కారణం తేలని రోగాన్ని సూత్రాలతో లెక్కగట్టి ముందే చెప్పలేం కనుకనే లక్షణాలను చూసి చెప్పే పరిశోధన అవసరమవుతోంది.

లక్షణాలు మూడు చోట్ల దొరుకుతాయి. మొదటిది ప్రకంపన. జనరేటరు వైపు చివరి చిన్న గేరుకు 22 పళ్ళున్నాయనీ, అది నిమిషానికి 1500 సార్లు, అంటే సెకనుకు 25 సార్లు తిరుగుతోందనీ అనుకుందాం. పళ్ళు కలిసే చప్పుడు సెకనుకు 550 సార్లు పుడుతుంది. ఒక పన్ను బీటలువారితే ఆ పన్ను సెకనుకు 25 సార్లు తాకుతుంది కనుక చప్పుళ్ళను సెకనుకు ఎన్నిసార్లు అన్న లెక్కన విడదీసి చూపే గ్రాఫులో 550కి రెండు పక్కలా, 525 దగ్గరా 575 దగ్గరా, కొత్త గీతలు లేస్తాయి. బేరింగు లోపలి రింగుకూ బయటి రింగుకూ రోలరుకూ కూడా ఇలాగే వేటి లెక్క వాటికుంది. జనరేటరు వైపు షాఫ్టు విషయంలో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. గ్రహ గేర్ల బేరింగుల దగ్గరికి వచ్చేసరికే చిక్కు. అవి నెమ్మదిగా తిరుగుతూ, తామే చోటు మారుతూ ఉంటాయి. వాటి చప్పుడు నాలుగు లోహపు గోడలు దాటి సెన్సరును చేరేలోగా పెద్ద చప్పుళ్ళలో కలిసిపోతుంది. పెళ్ళి బాజాల మధ్య పక్కింట్లో పసిబిడ్డ ఏడుపు వినిపించినంతే అది సెన్సరుకు వినిపిస్తుంది. రెండోది ఉష్ణోగ్రత. ఇంత గాలి, ఇంత ఉత్పత్తి, బయట ఇంత ఎండ ఉన్నప్పుడు ఆరోగ్యంగా ఉన్న బేరింగు ఎంత వేడెక్కాలో కంప్యూటరుకు నేర్పి, అసలు కొలతకూ దానికీ తేడా వారం వారం పెరుగుతోందా అని చూస్తాం. దీనికి కొత్త సెన్సర్లేమీ అక్కర్లేదు. ప్రతి మరా పది నిమిషాలకొకసారి ఈ కొలతల సగటును ఎలాగూ నమోదు చేస్తూనే ఉంటుంది.

మూడోది నూనె. దీని గురించి నాకు ఏ పుస్తకమూ చెప్పనంతగా చెప్పింది రాజురాకు చెందిన ఒక తెలుగు ఫిట్టరు. ఆయన ధారాశివ్ జిల్లా వైపు గాలిమరల మీద సర్వీసు పని చేస్తారు. సెలవుకు వచ్చినప్పుడు, గేర్‌బాక్సు అడుగున నూనెలోని ఇనుప రజను పట్టుకునే అయస్కాంతపు ప్లగ్గు ఫొటోలు రెండు ఫోనులో చూపించారు. ఒకదాని మీద మెత్తటి నల్లటి నూగు ఉంది. అది మామూలు అరుగుదల. రెండోదాని మీద ఆ నూగులో గోరంత రేకు ఒకటి అడ్డంగా అంటుకుని ఉంది. ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి, "ఇటుపక్క అద్దంలా ఉంది చూడండి సార్, అటుపక్క చింపినట్టుంది. ఇది నూనె మురికి కాదు, బేరింగు తొక్క" అన్నారు. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరైనదే. రోలరు దొర్లే ముఖం నునుపుగా ఉంటుంది, లోపలి నుంచి ఊడివచ్చిన ముఖం గరుకుగా ఉంటుంది. చేసిన పని వివరం రాసే జాబ్ కార్డులో ఆ రోజు ఏం రాశారని అడిగాను. ఫిల్టరు మార్చినట్టు రాశామన్నారు. రేకు మాటకు ఆ ఫారంలో గడి లేదు. ఒక యంత్రం తన జబ్బును అంత స్పష్టంగా చెప్పుకున్న క్షణం ఏ రికార్డులోకీ ఎక్కకుండా పోయింది.

ముందుగా తెలిస్తే ఒరిగేదేమిటని అడిగేవారికి మరాఠ్వాడా నేలను చూపిస్తే చాలు. మన వైపు గాలి బలమంతా జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల కాలంలోనే. ఏడాది ఉత్పత్తిలో పెద్ద భాగం ఆ నాలుగు నెలలదే. సరిగ్గా ఆ నెలల్లోనే నల్లరేగడి నేల తడిసి, భారీ క్రేను కాదు కదా ట్రాక్టరు కూడా కదలని స్థితి వస్తుంది. జనరేటరు వైపు షాఫ్టు బేరింగు దెబ్బతిందని ఫిబ్రవరిలో తెలిస్తే, పైనున్న, బరువులెత్తే చిన్న హాయిస్టుతోనే, గేర్‌బాక్సును దించకుండా దాన్ని మార్చవచ్చు. తెలియక నడిపిస్తే ఊడిన ముక్కలు నూనెతో తిరిగి మిగతా దశల్లోకి పాకుతాయి. ఆపైన రెండు మెగావాట్ల మరలో పదిహేను, ఇరవై టన్నులుండే గేర్‌బాక్సు మొత్తాన్ని దించాలి. అది జులైలో జరిగితే క్రేను కోసం దసరా దాకా ఎదురుచూడాలి. కాబట్టి మా పరిశోధన ఫలానా తేదీన చెడుతుందని చెప్పనక్కర్లేదని నా అభిప్రాయం. మిగిలిన ఆయుష్షును గంటల్లో చెప్పే కంప్యూటరు నమూనాల మీద అందరూ శ్రమపడుతున్నారు గానీ, ఈ మర వచ్చే వానాకాలం దాటుతుందా లేదా అన్నది మార్చిలోగా నమ్మకంగా చెప్పగలిగితే క్షేత్రంలో పనిచేసేవారికి అదే పదివేలు.

అంతమాత్రం చెప్పడానికైనా, చెడిపోయిన గేర్‌బాక్సుల పాత చరిత్ర చేతిలో ఉండాలి. నా అడ్డంకి ఇక్కడే ఉంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీస గడువు మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. ఒక గేర్‌బాక్సు బిగించిన నాటి నుంచి చెడేదాకా పదేళ్ళు పట్టవచ్చు. ఒక విద్యార్థి తన గడువులో ఒక మర పక్కన కూర్చుని అది చెడేదాకా చూడలేడు. ఇదివరకే జరిగిపోయిన వాటి రికార్డు అందితేనే పరిశోధన సాధ్యం. ఆ రికార్డు లేక కాదు, ప్రతి కంపెనీ సర్వర్లలోనూ ఉంది. నేను అనుమతి కోరిన ఒక కంపెనీ ఆరోగ్యంగా నడుస్తున్న మరల కొలతలు ఇస్తామంది. చెడిన వాటివి మాత్రం తయారీదారుతో ఒప్పందం ఉంది కనుక ఇవ్వలేమంది. నిండా ఆరోగ్యవంతులే ఉన్న వార్డులో వైద్యవిద్యార్థి రోగ నిర్ధారణ నేర్చుకోలేడు కదా. వారంటీ గొడవల్లో, బీమా క్లెయిముల్లో ఈ రికార్డే సాక్ష్యమవుతుంది కనుక కంపెనీలు జంకుతాయి. వారి ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ దాని ఫలితం మా థీసిస్‌ల మీద ఎలా పడుతోందో కూడా చెప్పాలి.

అసలు సమాచారం దొరకని విద్యార్థులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ప్రయోగశాల సమాచారాన్ని ఆశ్రయిస్తున్నారు. వాటిలో అందరికీ తెలిసింది అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం విడుదల చేసిన బేరింగు కొలతలు. అవి రెండు హార్స్‌పవర్ మోటారుకు బిగించిన చిన్న బేరింగులవి. వాటి లోపాలు వాడకంలో పుట్టినవి కావు, విద్యుత్ స్పార్కుతో కావాలని చేసిన గుంటలు. బోధనకు అవి బంగారం లాంటివే. కానీ వాటి మీద 99 శాతం కచ్చితత్వం సాధించామని రాసి, శీర్షికలో మాత్రం గాలిమర అని పెట్టిన పత్రాలు కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి. వేగం పెద్దగా మారని బల్ల మీది మోటారుకూ, గాలితో పాటు నిమిష నిమిషానికీ వేగం మారే మరకూ పోలికే లేదు. అసలైన మరల సమాచారం దొరికినవారు సైతం కొన్నిసార్లు పది నిమిషాల కొలతలన్నిటినీ కలగలిపి, అందులో కొన్ని కంప్యూటరుకు నేర్పడానికీ కొన్ని దాన్ని పరీక్షించడానికీ వాడుతున్నారు. పది గంటలకు తీసిన కొలత నేర్పే భాగంలో ఉండి, పది గంటల పది నిమిషాలది పరీక్షలో ఉంటే, అది దాదాపు ప్రశ్నపత్రం ముందే చేతికిచ్చినట్టు. ఒక గాలిమరల పార్కులో నేర్చుకున్నది వేరే పార్కులో, ఎన్నడూ చూడని మర మీద నిలబడిందా అన్నదే నిజమైన పరీక్ష. థీసిస్‌లను పరిశీలించే ఆచార్యులు ఈ ఒక్క ప్రశ్న పట్టుబట్టి అడగాలని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఇవ్వదలచుకుంటే ఇవ్వవచ్చనడానికి ఉదాహరణలున్నాయి. ఎన్‌ఆర్‌ఈఎల్ 2007లో మొదలుపెట్టిన గేర్‌బాక్సు సహకార కార్యక్రమంలో 750 కిలోవాట్ల గేర్‌బాక్సు ఒకటి గాలి క్షేత్రంలో నూనె కారిపోయి దెబ్బతింది. దాన్ని ప్రయోగశాలకు తెచ్చి పరీక్షా యంత్రం మీద నడిపి, ఆ ప్రకంపనల రికార్డును 16 సంస్థలకు పంచి, లోపల ఏం చెడిందో చెప్పకుండా మీరే కనుక్కోండన్నారు. ఆ తర్వాత గేర్‌బాక్సును విప్పి ఎవరి మాట ఎంత నిజమో పోల్చారు. అన్ని లోపాలూ అందరికీ అందలేదు. ఏ లోపం ఎందుకు అందలేదో బయటపడటమే అందులో విలువైన పాఠం. ఆ రికార్డు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉంది. పోర్చుగల్‌కు చెందిన ఈడీపీ సంస్థ తన మరల 2016, 2017 సంవత్సరాల పది నిమిషాల కొలతలను, ఏ భాగం ఏ రోజు చెడిందన్న చిట్టాతో సహా బయటపెట్టింది. నా పనిలో సగం ఆ సమాచారం మీదే నడుస్తోంది. విదేశపు గాలి మీద నేర్చుకున్న నమూనా మన మే నెల ఎండకూ, దుమ్ముకూ, గ్రిడ్డు కుదుపులకూ సరిపోతుందని నేను ఎలా చెప్పగలను?

మన దేశంలోనూ ఇలాంటి పద్ధతి కొత్తది కాదు. మా జిల్లాలోని చంద్రపూర్ థర్మల్ కేంద్రం సామర్థ్యం 2920 మెగావాట్లు. అందులో ఏదైనా యూనిట్ ఆగితే, బాయిలరు గొట్టం కారిందా, జనరేటరు చెడిందా అన్న కారణంతో సహా కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ రోజువారీ నివేదికలో కనిపిస్తుంది. ఆ నివేదికలు చదవడం వల్ల ఏ థర్మల్ కేంద్రం పరువూ పోలేదు. గాలిమరల విషయంలో, ఒక్కొక్కటి చిన్నదే అయినా మొత్తం కలిపితే 50 వేల మెగావాట్లైనప్పుడు, ఆ పాటి పద్ధతి ఎందుకు ఉండకూడదు? పైగా ఈ మరలు పూర్తిగా ప్రైవేటు డబ్బుతో నిలబడినవీ కావు. యంత్రం ఖరీదులో పెద్ద భాగాన్ని మొదటి ఏళ్ళలోనే ఖర్చుగా చూపించుకునే వేగవంతమైన తరుగుదల పేరిట పన్ను రాయితీ పొందినవి కొన్నైతే, 2009లో ప్రకటించిన పథకం కింద యూనిట్ విద్యుత్తుకు 50 పైసల ప్రోత్సాహకం పొందినవి మరికొన్ని. ప్రజల సొమ్ముతో నిలబడిన యంత్రం ఎందుకు ఆగిందో తెలుసుకునే హక్కు ప్రజలకు ఎంతో కొంత ఉంటుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ ఇందుకు తగిన వేదిక. కంపెనీ పేరు, ఊరి పేరు, మర నంబరు తీసేసి, పది నిమిషాల కొలతలు, అలారాల చిట్టా, నూనె పరీక్ష నివేదికలు, ఏ రోజు ఏ భాగం మార్చారన్న వివరం ఆ సంస్థకు చేరితే, విశ్వవిద్యాలయాల నుంచి వచ్చే పరిశోధకులకు హామీపత్రం రాయించుకుని ఇవ్వవచ్చు. వారంటీ గడువు ముగిసిన మరలతో మొదలుపెడితే కంపెనీల అభ్యంతరం చాలావరకు తీరుతుంది.

ఇంకొక అవకాశం చేజారిపోతోంది, దాని గురించి నాకు ఎక్కువ ఆత్రుత ఉంది. పాత గాలిమరలను తీసేసి పెద్దవి పెట్టడానికీ, లేదా పాతవాటి ఆయుష్షు పొడిగించడానికీ కేంద్ర ప్రభుత్వం 2023లో విధానం తెచ్చింది. సాతారా, సాంగ్లీ, ధులే జిల్లాల్లో ఏళ్ళ తరబడి తిరిగిన చిన్న మరలు ఇకపై దిగుతాయి. ఒక్కొక్క గేర్‌బాక్సులో ఏళ్ళ తరబడి పడిన బరువు, తిన్న కుదుపు, పుట్టి ఎదిగిన పగులు యథాతథంగా నిలిచి ఉంటాయి. అది తుక్కు వ్యాపారి చేతికి పోయి, కిలోల లెక్కన కరిగిపోతే ఆ చరిత్ర మళ్ళీ రాదు. మరలు దించిన ప్రతి పార్కు నుంచి ఒకటి రెండు గేర్‌బాక్సులను, వాటి రికార్డుతో సహా, దగ్గరలోని ఇంజినీరింగ్ కళాశాలకు ఇవ్వాలని అనుమతి పత్రంలోనే షరతు పెట్టవచ్చు. విద్యార్థులు దాన్ని విప్పి, ప్రతి బేరింగునూ కోసి, పగుళ్ళ లోతు కొలిచి, పాత ప్రకంపనల రికార్డు పక్కన పెట్టి చూస్తే, ఎన్ని లక్షలు పోసి కట్టిన ప్రయోగశాలలోనూ దొరకని జ్ఞానం దొరుకుతుంది. ఆయుష్షు పొడిగించమని దరఖాస్తు చేసే యజమానులకు కూడా, ఇంకా ఎన్నేళ్ళు సురక్షితంగా నడపవచ్చో చెప్పే ఆధారం అక్కడి నుంచే రావాలి.

ఈ పత్రిక చదివే తెలుగువారిలో గాలిమరల మీద పనిచేసే ఫిట్టర్లు, టెక్నీషియన్లు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. ఆదిలాబాద్, చంద్రపూర్, నాందేడ్ జిల్లాల కుర్రవాళ్ళు ఐటీఐ చదివి ధారాశివ్, బీడ్ వైపు, అనంతపురం వైపు ఈ ఉద్యోగాల్లో చేరుతున్నారు. ప్రభుత్వం తన పని ఎప్పుడు చేసినా, వారిని నేను ఇప్పుడే ఒకటి కోరుతున్నాను. ఫిల్టరు మార్చిన రోజున, ప్లగ్గు విప్పిన రోజున, ఏ వైపు నుంచి ఏ రకం చప్పుడు విన్నారో, నూనెలో ఏం కనిపించిందో, అప్పటికి మర మీటరు ఎన్ని గంటలు చూపిస్తోందో జాబ్ కార్డు వెనుకనైనా రెండు వాక్యాలు రాసి, తేదీ వేసి, ఫొటో ఉంటే దాన్ని సైటు ఇంజనీరుకు పంపండి. ఫారంలో గడి లేకపోతే గడి పెట్టమని సైటు ఇంజనీరును అడగండి.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థి,
బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర.